కూర్చుని ముందుకు వాలి నిద్రపోయే పాప: డౌన్ సిండ్రోమ్ పిల్లల నిద్రలో ముందు చూడాల్సింది ఊపిరి

ప్రశ్న క్లుప్తంగా: పాపకు 2 ఏళ్ల 3 నెలలు, డౌన్ సిండ్రోమ్. పడుకోబెట్టిన గంటకే లేచి బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. అలాగే ముందుకు వంగి, నుదురు పరుపుకు ఆనించి నిద్రపోతుంది. సరిచేసి వెల్లకిలా పడుకోబెడితే కాసేపటికి మళ్లీ అంతే. నోరు తెరిచే ఉంటుంది, రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంది, గురక 'పెద్దగా లేదు', పగలంతా చిరాకు. చూపించిన చోట 'ఈ పిల్లలు ఇలాగే పడుకుంటారు' అన్నారట. ఈ అలవాటు మాన్పించడం ఎలా అని అమ్మ అడుగుతున్నారు.

మాన్పించకండి. కనీసం ఇప్పుడే కాదు. అది అలవాటు కాకపోవచ్చు. పాప తన ఊపిరికి తానే వెతుక్కున్న దారి అయి ఉండే అవకాశమే ఎక్కువ.

డౌన్ సిండ్రోమ్ పిల్లలకు నాలుక పెద్దదని అందరూ అంటారు. చాలామందిలో నాలుక మామూలు సైజే, అది ఉండాల్సిన నోరే చిన్నది. పై దవడ, ముఖం మధ్య భాగం తక్కువ పెరుగుతాయి, ముక్కు రంధ్రాల లోపలి దారి ఇరుకు. అంత ఇరుకులో టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే, టాన్సిల్స్ లాంటి కణజాలం) మామూలుగా ఉన్నా అడ్డమే. దీనికితోడు కండరాల్లో బిగువు తక్కువ. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు దారిని తెరిచి పట్టుకుంటాయి. నిద్ర పట్టగానే అవి వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, దారి మూసుకుంటుంది. ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఒక పెద్ద ఊపిరి తీసుకుని మళ్లీ నిద్రలోకి జారతారు. రాత్రి పొడుగునా ఇదే తంతు, దీన్నే స్లీప్ అప్నియా అంటారు. ముందుకు వంగి పడుకుంటే నాలుక, కింది దవడ వెనక్కి కాకుండా ముందుకు వేలాడతాయి, గాలికి దారి దొరుకుతుంది. మెడ బాగా వెనక్కి విరుచుకుని పడుకోవడం, గోడకో దిండుకో ఆనుకుని కూర్చునే కునుకు తీయడం, మోకాళ్లు పొట్ట కిందికి లాక్కుని బోర్లా పడుకోవడం కూడా ఈ కోవలోవే. ఈ పిల్లల కీళ్లు వదులుగా ఉంటాయి కాబట్టి కొందరు సరదాగా కూడా ఇలా మడుచుకుంటారన్నది నిజమే. కానీ ఆ మాట ఊపిరిని పరీక్షించాక అనాలి, ముందే కాదు.

మామూలు పిల్లల్లో స్లీప్ అప్నియా నూటికి ఒకరి నుంచి ఐదుగురిలో కనిపిస్తుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో సగం మందిలో, అంతకంటే ఎక్కువ మందిలో కూడా ఉంటుంది. అందుకే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, లక్షణాలు ఉన్నా లేకపోయినా ప్రతి డౌన్ సిండ్రోమ్ బిడ్డకూ 3 నుంచి 4 ఏళ్ల మధ్య స్లీప్ స్టడీ (రాత్రంతా నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్ష) చేయాలి. లక్షణాలుంటే ఆ వయసు దాకా ఆగక్కర్లేదు. లక్షణాలు లేనివాళ్లకు కూడా ఎందుకంటే, అమ్మానాన్నలు చెప్పేదానికీ స్టడీలో తేలేదానికీ పొంతన కుదరదని పదేపదే తేలింది. హాయిగా నిద్రపోతున్నాడన్న పిల్లాడికి తీవ్రమైన అప్నియా ఉండొచ్చు, ఇల్లదిరేలా గురకపెట్టే పిల్లకు స్టడీలో పెద్దగా ఏమీ రాకపోవచ్చు. అందుకని మీరు రాసిన 'గురక పెద్దగా లేదు' అన్న మాటను నేను ఊరట కింద తీసుకోను. గాలి అసలే ఆడని క్షణంలో గురక వినిపించదు.

ఈ రాత్రి చేయాల్సింది వీడియో. మూడు వీడియోలు చాలు, ఒక్కోటి రెండు నిమిషాలు. నిద్రపోయిన గంటకు ఒకటి, తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య రెండు తీయండి. కలలొచ్చే నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ, కండరాలు బాగా వదులయ్యేదీ అప్పుడే. పది గంటలకు తీసిన వీడియోలో అంతా బాగున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. దుప్పటి తీసి, చొక్కా పైకి మడిచి, ముఖం, మెడ, ఛాతీ, పొట్ట ఒకే ఫ్రేములో పడేలా పెట్టండి. ఫ్యాను రొదలో చిన్న శబ్దాలు మునిగిపోతాయి, ఆ రెండు నిమిషాలూ ఆపండి. చూడాల్సినవి ఇవి: ఊపిరి తీసినప్పుడు గొంతు కింది గుంట లోపలికి పోతోందా, డొక్కలు ఎగరేస్తోందా, పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ కిందికి దిగుతోందా. ఛాతీ కదులుతూనే ఉండి ముక్కు దగ్గర గాలి చప్పుడు ఆగి, తర్వాత గుటకేసినట్టో గుర్రుమన్నట్టో మళ్లీ మొదలవుతోందా. తలకింద బట్ట చెమటతో తడుస్తోందా కూడా చూసి రాసుకోండి.

పెదాలు నీలంగా మారడం, 20 సెకన్లు దాటి ఊపిరి ఆగడం, లేపినా సరిగా లేవకపోవడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా వీడియోలు పక్కన పెట్టి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. కరోనా రోజుల్లో కొన్న వేలి ఆక్సిమీటరును నమ్ముకోవద్దు. అది పెద్దవాళ్ల వేలికి చేసింది, ఇంత చిన్న వేలికి నిలవదు, పిల్ల కదిలితే చాలు అంకె మారిపోతుంది.

స్లీప్ స్టడీ తేదీ దొరికేలోపు చేయించుకోగల రక్తపరీక్షలు ఉన్నాయి. థైరాయిడ్ ఈ పిల్లలకు పుట్టినప్పుడు, 6 నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా చూడాలి. అది తగ్గితే మత్తు, మలబద్ధకం, బరువు, గొంతు వాపు అన్నీ కలిసి నిద్రను పాడుచేస్తాయి. రెండోది ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ. ఇక్కడే చాలా చోట్ల పొరపాటు జరుగుతుంది. మామూలుగా ఇనుము తగ్గితే ఎర్రకణాల సైజు తగ్గుతుంది, రిపోర్టులో ఎంసీవీ తక్కువ చూపిస్తుంది. డౌన్ సిండ్రోమ్‌లో ఎర్రకణాలు సహజంగానే కాస్త పెద్దవి. ఇనుము లోపించినా ఎంసీవీ నార్మల్‌గా వచ్చి మోసం చేస్తుంది. కాబట్టి 'బ్లడ్ బాగుంది' అన్నా ఫెరిటిన్ విడిగా అడగండి. జ్వరం, జలుబు ఉన్నప్పుడు ఫెరిటిన్ దొంగగా పెరుగుతుంది. తగ్గాక చేయించండి, పక్కన సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉందేమో చెప్పే రక్తపరీక్ష) కూడా చూడమనండి. ల్యాబ్ కాగితం మీద 10, 12 దగ్గర్నుంచే నార్మల్ అని అచ్చు వేసి ఉంటుంది. కానీ రాత్రంతా కాళ్లు తన్నుకుంటూ దొర్లే పిల్లకు 50 కంటే తక్కువ ఉంటే ఐరన్ ఇచ్చి చూడటం పద్ధతి. మోతాదు సాధారణంగా రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్. సీసా మీద ఐరన్ సాల్ట్ మొత్తం బరువు ఒకటి, అందులోని అసలు ఇనుము, అంటే ఎలిమెంటల్ అంకె ఒకటి ఉంటాయి, లెక్క రెండోదానితో. మీ డాక్టరు చేత రాయించుకునే వాడండి. బత్తాయి రసంతో ఇవ్వొచ్చు, పాలతో మాత్రం వద్దు. అసలు ఈ పిల్లల్లో ఇనుము తగ్గడానికి పాలే పెద్ద కారణం: నమలడం ఆలస్యం, అందుకని రెండేళ్లొచ్చినా కడుపు పాలతోనే నింపేస్తాం. రోజుకు అర లీటరు దాటకూడదు.

చెవి కూడా చూపించండి. చెవి దారులు సన్నగా ఉండి లోపల నీరు నిలుస్తుంది, పడుకుంటే నొప్పి. మలబద్ధకం ఉందా, ఒళ్లు పొడిబారి దురద పెడుతోందా చూడండి. వినడానికి చిన్న విషయాలే గానీ, రాత్రి రెండింటికి లేపేది చాలాసార్లు ఇవే. గుండెకు ఎకో (గుండె స్కాన్) పుట్టగానే అయి ఉండాలి. కాకపోతే ఇప్పుడైనా తప్పదు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. రంధ్రం మూసే ఆపరేషన్ అయిపోయినా, అప్నియా వల్ల రాత్రిళ్లు ఆక్సిజన్ పడిపోతుంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. గుండె డాక్టరుకు నిద్ర సంగతి చెప్పడం అందుకే అవసరం.

ఇప్పుడు స్లీప్ స్టడీ. ఒక రాత్రి అక్కడే పడుకోవాలి, అమ్మో నాన్నో పక్కన ఉండొచ్చు. తలకు, కళ్ల పక్కన, కాళ్లకు వైర్లు అంటిస్తారు, ఛాతీకీ పొట్టకూ రెండు బెల్టులు, ముక్కు దగ్గర సన్న గొట్టం, వేలికి ఎర్ర లైటు. నొప్పి ఉండదు. ఆ రోజు తలకు నూనె రాయకండి, నూనె జుట్టుకు ఎలక్ట్రోడ్లు అంటుకోవు, సగం రాత్రికి ఊడిపోతాయి. తలంటి పోసి తీసుకెళ్లండి. వారం ముందు నుంచి ఇంట్లో ఆటలా అలవాటు చేయండి: ముక్కు కింద మెత్తటి ప్లాస్టర్ ముక్క, నడుముకు చున్నీతో బెల్టు, ముందు బొమ్మకు, తర్వాత నాన్నకు, చివర పాపకు. మన ఊళ్లలో చాలా స్లీప్ ల్యాబులు పెద్దవాళ్లకోసం పెట్టినవి. బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడగండి: పిల్లల పద్ధతిలో స్కోర్ చేస్తారా, కార్బన్ డయాక్సైడ్ కొలుస్తారా? మొదటిది ఎందుకు ముఖ్యమంటే, రిపోర్టులో ఏహెచ్ఐ అనే అంకె ఉంటుంది, గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క. పెద్దవాళ్లకు 5 లోపు నార్మల్. పిల్లలకు 1 దాటితే చాలు, తేడా ఉన్నట్టే, 5 దాకా తేలిక, 5 నుంచి 10 మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. పాపకు 4.2 వచ్చిన కాగితం మీద పెద్దల లెక్కతో 'నార్మల్' అని రాసి ఇచ్చేస్తే అక్కడితో కథ ఆగిపోతుంది.

అప్నియా తేలితే మొదటి చికిత్స సాధారణంగా టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయడం. ఈ పిల్లలకు అది పూర్తి చికిత్స అని అనుకోవద్దు. సుమారు సగం మందికి ఆపరేషన్ తర్వాత కూడా ఎంతోకొంత మిగులుతుంది, ఎందుకంటే ఇరుకు దవడ, వదులు కండరాలు ఎక్కడికీ పోలేదు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ స్టడీ చేయించాలి. గురక తగ్గిందని చాలామంది ఈ రెండో స్టడీ మానేస్తారు, అది తప్పు. ఆపరేషన్ పిల్లల ఐసీయూ ఉన్న చోటే చేయించండి, ఆ రాత్రి ఆక్సిజన్ చూస్తూ ఉంచుకోవాలి, సాయంత్రమే ఇంటికి పంపడం కుదరదు. మత్తు డాక్టరుకు డౌన్ సిండ్రోమ్ అని ముందే, ఆయనతోనే చెప్పండి. వీళ్ల మెడ పైఎముకల కట్టు వదులుగా ఉండొచ్చు కాబట్టి మెడను ఎక్కువగా వంచకూడదు, గాలి గొట్టం కూడా వయసుకు వాడే సైజు కంటే చిన్నది పడుతుంది.

తేలిక అప్నియాకు ముక్కు స్ప్రే, మాంటెలుకాస్ట్ (ఆస్తమా, అలర్జీలకు ఇచ్చే మందు) రాస్తుంటారు. వాడొచ్చు. కానీ మాంటెలుకాస్ట్ మొదలుపెట్టాక పీడకలలు, కోపం, ఏడుపు పెరిగితే అది మందు పనే కావొచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పండి. దాని మీద 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషయంలోనే గట్టి హెచ్చరిక వేసింది.

సీప్యాప్ మాస్కు (నిద్రలో గాలిని ఒత్తిడితో పంపి దారి తెరిచి ఉంచే మిషన్‌ది) అవసరమైతే మొదటి రాత్రే ముఖానికి బిగించేసి, ఏడ్చేసరికి తీసేసి, 'మా పాప పెట్టుకోదు' అని మూల పడేసే ఇళ్లే ఎక్కువ. మిషన్ ఆపేసి, మాస్కును పగటిపూట బొమ్మల్లో పెట్టండి. మూడు నాలుగు రోజులకు ముఖానికి ఆనించి పది అంకెలు లెక్కపెట్టి తీసేయండి, అదీ మీరు తీయాలి, పిల్ల లాగక ముందే. తర్వాత పట్టీ పెట్టి, పాటొచ్చేంతసేపు. తర్వాత గొట్టం తగిలించి తక్కువ గాలితో మెలకువలో. ఆ తర్వాతే పగటి కునుకులో, చివరికి రాత్రి. నెల పట్టినా నష్టం లేదు. మాస్కు ముక్కు పక్కన ఎర్రగా ఒరుసుకుంటే సైజు తప్పు, పట్టీ ఇంకా బిగించడం పరిష్కారం కాదు.

ఇంత తంటా ఎందుకంటారా? 7 నుంచి 12 ఏళ్ల డౌన్ సిండ్రోమ్ పిల్లల మీద 2014లో వచ్చిన ఒక పరిశీలనలో, అప్నియా ఉన్నవాళ్ల మాటల తెలివి (వెర్బల్ ఐక్యూ) స్కోరు లేనివాళ్లకంటే సగటున 9 పాయింట్లు తక్కువ ఉంది. చిన్న పరిశీలనే, కారణం ఇదేనని తేల్చలేం. అయినా స్పీచ్ థెరపీకి వారానికి మూడు రోజులు తిప్పుతూ, రాత్రి ఊపిరిని వదిలేయడం నాకైతే లెక్క కుదరదు.

ఊపిరి కుదుటపడ్డాక కూడా కొందరు లేస్తూనే ఉంటారు. అది అలవాటు, దాని దారి వేరు. ఈ వయసులో పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటలు, 3 నుంచి 5 ఏళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. మన ఇళ్లలో నాన్న తొమ్మిదిన్నరకు వస్తాడు, అప్పుడు లైట్లు, టీవీ, ఆటలు మొదలవుతాయి, పిల్ల పదకొండుకు పడుకుంటుంది. ఇది మారకుండా ఏ చిట్కా పనిచేయదు. పగటి కునుకు మూడింటికల్లా అయిపోవాలి. పడకకు ముందు నాలుగే పనులు, రోజూ అదే వరసలో: పళ్లు తోమడం, బట్టలు మార్చడం, ఒక బొమ్మల పుస్తకం, లైటు ఆర్పడం. ఈ పిల్లలు విన్నదానికంటే చూసింది బాగా పట్టుకుంటారు, అందుకని ఆ నాలుగు పనులూ పాప చేస్తుండగా తీసిన ఫొటోలు అట్టకు అంటించి మంచం పక్కన తగిలించండి. పని అవగానే ఆ ఫొటోను తనే తిప్పేయాలి. జోకొడితేనే నిద్రపోతే, నడిరాత్రి మెలకువొచ్చినప్పుడూ ఆ చెయ్యే వెతుక్కుంటుంది. ఒక్కసారిగా మానకండి. మొదటి వారం జోకొట్టడం నెమ్మది చేసి చెయ్యి ఊరికే ఆనించి ఉంచండి, రెండో వారం చెయ్యి తీసి పక్కన కూర్చోండి, తర్వాత రెండు మూడు రోజులకోసారి కుర్చీని తలుపు వైపు ఒక అడుగు జరపండి. మధ్యలో జలుబు చేస్తే ఆగి, తగ్గాక అదే అడుగు నుంచి మొదలుపెట్టండి. మామూలు పిల్లలకు వారం పట్టేదానికి ఇక్కడ నెల వేసుకోండి. అమ్మమ్మకూ ఇదే పద్ధతి చెప్పకపోతే మాత్రం ఏడాదైనా తేలదు.

నిద్రకోసం దగ్గు మందు పోయడం, అందులోనూ ప్రోమెథజిన్ ఉన్నది, రెండేళ్లలోపు పిల్లలకు ప్రాణాపాయం. అప్నియా అనుమానం ఉన్న పిల్లకు ఏ వయసులోనూ వద్దు. మత్తు గొంతును ఇంకా వదులు చేస్తుంది. మెలటోనిన్ (నిద్ర హార్మోను మందు) ఊపిరి సంగతి తేలాక, డాక్టరు చెబితే, చిన్న మోతాదుతో.

ఇది చదివే పసిబిడ్డల అమ్మలకు కొన్ని మాటలు. 'మా వాడు బంగారం, ఏడవనే ఏడవడు, ఎప్పుడూ నిద్రే' అని మురిసిపోయే తొలి నెలలే జాగ్రత్తగా చూడాల్సినవి. కండరాల బిగువు తక్కువైన బిడ్డ ఆకలికి కూడా లేవకపోవచ్చు. రెండు మూడు గంటలకోసారి మీరే లేపి పాలివ్వాలి: బట్టలు విప్పి, అరికాళ్లు రుద్ది, డైపర్ మార్చి. ఐదో రోజు తర్వాత రోజుకు తడి డైపర్లు ఆరు కంటే తక్కువైనా, పాలు తాగుతూనే చెమటపట్టి అలసిపోతున్నా అది మంచితనం కాదు, గుండె, కామెర్లు, థైరాయిడ్ చూడాలి.

పసిబిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టండి. ఆవాల దిండు వద్దు. వీళ్ల తల వెనక భాగం పుట్టుకతోనే చదునుగా ఉంటుంది, దిండు దాన్ని గుండ్రంగా చేయదు, మెడను మాత్రం ముందుకు వంచుతుంది. చీర ఉయ్యాలలోనూ అదే ఇబ్బంది: ఒళ్లు మడతపడి గడ్డం ఛాతీకి ఆనుతుంది, వదులు మెడ ఉన్న బిడ్డకు గాలి దారి నొక్కుకుపోతుంది. ఊపి నిద్రపుచ్చాలనుకుంటే ఒళ్లో ఊపండి, నిద్రపోయాక చదునుగా పడుకోబెట్టండి. ముక్కులో ఆముదం, కొబ్బరినూనె చుక్కలు వేయకండి, మింగడం సరిగా రాని ఈ పిల్లల్లో నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా తెస్తుంది. ముక్కు బిగిస్తే సెలైన్ చుక్కలు రెండేసి చాలు. సాంబ్రాణి పొగ, దోమల కాయిల్ పడుకునే గదిలో వద్దు. నిద్ర పడుతుందని సానమీద అరగదీసిన జాజికాయ నాకించడం కూడా ఆపండి, మోతాదు ఎవరి చేతుల్లోనూ ఉండదు.

ఇంకొకటి, దీన్ని మాత్రం ఆలస్యం చేయొద్దు. 3 నుంచి 10 నెలల మధ్య, నిద్ర లేచిన వెంటనే గానీ నిద్రలోకి జారుతూ గానీ, బిడ్డ తల ఒక్కసారి ముందుకు వాల్చి, చేతులు విదిల్చి, ఐదారు సెకన్లు ఆగి మళ్లీ అదే, అలా పది ఇరవై సార్లు వరసగా చేస్తే అది ఉలికిపాటు కాదు, కడుపునొప్పి కాదు, దిష్టి అంతకన్నా కాదు. ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ అనే ఫిట్స్ అయి ఉండొచ్చు, డౌన్ సిండ్రోమ్‌లో ఇవి మామూలు కంటే ఎక్కువ. ఉలికిపాటు చప్పుడుకు ఒక్కసారి వచ్చి పోతుంది, ఇవి చప్పుడు లేకుండా గుంపుగా వస్తాయి. వీడియో తీసి, ఆ రోజో మర్నాడో పిల్లల న్యూరాలజిస్టుకు చూపించి ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) చేయించండి. చికిత్స వారాలు ఆలస్యమైతే నేర్చుకున్న నవ్వు, చూపు కలపడం కూడా పోవచ్చు.

మళ్లీ మీ పాప దగ్గరికి. స్టడీ అయ్యేదాకా తనకు నచ్చినట్టే పడుకోనివ్వండి. పరుపు నేలమీద వేయండి, కూర్చునే నిద్రలో పక్కకు ఒరిగి మంచం మీంచి పడే ప్రమాదం ఉంది. చుట్టూ దిండ్లు పేర్చకండి. ఉన్నట్టుండి మెడ ఒకవైపు వంచి పెట్టుకోవడం, నడక తడబడటం, చేతుల్లో పట్టు తగ్గడం కనిపిస్తే అది నిద్ర సమస్య కాదు, మెడ ఎముకలది, ఆ రోజే చూపించాలి. ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లినప్పుడు 'నిద్ర సరిగా పోదండీ' అనొద్దు. 'డౌన్ సిండ్రోమ్, రెండేళ్లు, కూర్చుని వంగి నిద్రపోతోంది, తెల్లవారుజామున డొక్కలు ఎగరేస్తోంది, వీడియో ఇదిగో, స్లీప్ స్టడీ రాయండి' అనండి (వీడియోలో డొక్కలు ఎగరేయడం కనిపిస్తేనే ఆ మాట). రిపోర్టు వచ్చాక ఏహెచ్ఐ, రాత్రి పడిపోయిన అతి తక్కువ ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, ఈ మూడు అంకెలూ, ఫెరిటిన్‌తో కలిపి ఇక్కడే రాయండి.